నీలం కప్పు, పసుపు మూత

మా తోటికోడలి గొంతు గురించి ముందే చెప్పేస్తాను. అది చెప్పకపోతే మిగతాదేదీ మీరు నమ్మరు. వంటింట్లో నిలబడి "అక్కా, ఉప్పెక్కడుందీ?" అని అడిగిందంటే పక్కింటివాళ్లు కూడా తమ ఉప్పు డబ్బా వెతుక్కుంటారు. పెళ్లయి వచ్చిన కొత్తలో మా అత్తగారు రెండు చెవులూ మూసుకుని, "ఇది పిల్లా, గంటా?" అన్నారు. అంతే, ఆ పేరు అంటుకుపోయింది. ఇంట్లో గంట, వీధిలో గంటమ్మ, పార్కు ఆఫీసులో కూడా గంటమ్మే. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

నేను పెద్దకోడల్ని, తను చిన్నకోడలు. మా ఇద్దరికీ పడదని వీధిలో ఒక మాట ఉంది. నిజమే, పడదు. పొయ్యి దగ్గరొక గొడవ, బట్టల తీగ దగ్గరొక గొడవ, ఏమీ దొరక్కపోతే ఎవరు ముందు స్నానం చెయ్యాలని గొడవ. కానీ బయటివాళ్లెవరైనా గంటని ఒక్క మాటన్నారో, నేను ఒంటికాలి మీద లేస్తాను. నాకు ముక్కు మీదే కోపం. దాన్ని దాచుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

మేమిద్దరం పనిచేసేది ఊరి చివర ఉన్న వినోదాల పార్కులో. జెయింట్ వీల్ ఉంది, రోలర్ కోస్టర్ ఉంది, పడవలున్నాయి, మనిషిని పొట్టిగానూ లావుగానూ చూపించే అద్దాల గది ఉంది. జనం వాటికోసమే వస్తారు, కాదనను. వచ్చాక మాత్రం వాళ్ల ధ్యాసంతా చల్లగా గొంతు దిగేదాని మీదే ఉంటుంది. గేటు దగ్గర కాపలా ఆయన సంచులు తడిమి, ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలు తీయించేస్తాడు. లోపలికి అడుగు పెడితే నీడన్నది లేని పెద్ద ఆవరణ. అది దాటేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. సరిగ్గా అక్కడే పెద్ద కౌంటర్ ఉంటుంది, రంగురంగుల డ్రింకులు గాజు జాడీల్లో గిరగిరా తిరుగుతూ. దాని పక్కనే ఉప్పూ కారం దట్టించిన పప్పుల బండి. ఆ బండిని కూడా అక్కడ ఊరికే పెట్టలేదు.

గంట మొదట చేరింది ఆ కౌంటర్‌లోకి కాదు. వీపుకి డ్రింకు ట్యాంకు తగిలించుకుని క్యూల వెంట తిరిగే పనిలోకి. భుజాల మీద పట్టీలు, నడుం చుట్టూ ఇంకో పట్టీ, చంక కిందనుంచి ముందుకి వచ్చే గొట్టం, తుంటి దగ్గర కాగితం కప్పుల దొంతర. ఎండలో ఆ బరువుతో నడుస్తూ అరవాలి, నవ్వాలి, చిల్లర ఇవ్వాలి, పిల్లల కాళ్లు తొక్కకుండా చూసుకోవాలి. ఆ పనిలో చేరినవాళ్లు చాలామంది వేసవి సగంలోనే పారిపోయేవాళ్లు. ఇది మాత్రం పారిపోలేదు. పైగా పనికి సొంత పద్ధతులు కనిపెట్టింది.

క్యూ ఎక్కడ మలుపు తిరుగుతుందో అక్కడ మాటు వేసేది. మలుపు దాకా వచ్చినవాళ్లకి ముందెంతమంది ఉన్నారో అప్పుడే కనబడుతుంది, ఒంట్లో సత్తువంతా జారిపోతుంది. అప్పుడొక కప్పు నిండా పోసి, ఎవరికీ ఇవ్వకుండా చేత్తో పట్టుకుని నిలబడేది. కప్పు చుట్టూ చెమ్మ పట్టి చుక్కలు కారుతుంటే పిల్లలు కళ్లప్పగించి చూసేవాళ్లు. ఇక వాళ్ల నాన్నల పని అయిపోయినట్టే. రోలర్ కోస్టర్ ఎక్కబోయేవాళ్లకి మాత్రం అడిగినా పోసేది కాదు.

"ఎక్కేముందు తాగినది పైకెళ్లాక బయటికొచ్చేస్తుందక్కా. దిగేవాళ్లకి అమ్మాలి. నోరు ఎండిపోయి ఉంటుంది, ప్రాణాలతో దిగామన్న సంతోషం కూడా ఉంటుంది. ఆ సంతోషంలో ఇంటిల్లిపాదికీ కొంటారు," అని ఒకసారి నాకు పాఠం చెప్పింది.

మా అత్తగారికి ఇదేదీ ఎక్కేది కాదు. "నీళ్లలో రంగు కలిపి అమ్మడం కూడా ఒక ఉద్యోగమేనా?" అనేవారు. ఆవిడ పార్కు గడప తొక్కింది లేదు. గంట నవ్వేసి ఊరుకునేది. నాకే ఒళ్లు మండేది.

ఆ ట్యాంకు చివరికి దాని నడుం విరగ్గొట్టింది. పోయిన వేసవి అయ్యాక ఒకరోజు పొద్దున వంగి చీపురు అందుకోబోయి అలాగే ఉండిపోయింది. నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూసి, "ఇంకో వేసవి ఈ బరువు మోస్తే మంచం దిగలేవమ్మా," అన్నాడు. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా, ఇంట్లో చెప్పకు. చెబితే మానిపించేస్తారు. నేను ఆ పని వదల్లేను," అంది. నేను చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి నేనెంత అవస్థ పడ్డానో నా కడుపుకే తెలుసు.

అలాంటి సమయంలో పెద్ద కౌంటర్ చూసుకునే పెద్దాయన పని మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. గంట ఆ రోజే మేనేజరు గదికి వెళ్లింది. ఆయన పోయినేడే వచ్చాడు, మాట తక్కువ మనిషి. అప్పటికే మెషీన్లు అమ్మేవాళ్ల కాగితాలు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడట. బిళ్ల వేస్తే కప్పు నింపే మెషీన్లు. జీతం అడగవు, నడుం నొప్పి అనవు.

"ఒక్క వారం నాకివ్వండి సార్," అందట గంట.

ఆయన ఆ కాగితాలు పక్కకి జరిపి, "సరేనమ్మా. మొదటి వారం మీదే. గొడవల్లేకుండా నడిస్తే కౌంటర్ మీకే ఉంచుతాను. ఏదైనా రభస అయితే మెషీన్లు దించేస్తాను, ఆ తర్వాత నన్నేమీ అనకూడదు," అన్నాడట.

అదీ సంగతి. కౌంటర్ దక్కితే ఎప్పటిలాగే జనం మధ్య, నీడపట్టున నిలబడి పని చేసుకుంటుంది. దక్కకపోతే మళ్లీ ట్యాంకు, లేదా ఇల్లు. ట్యాంకు ఎత్తలేదు. ఇంట్లో కూర్చోబెడితే వాడిపోతుంది. నాకది తెలుసు కాబట్టి పడవల దగ్గర టికెట్లు చింపే పని వదిలేసి, తనకి తోడుగా కౌంటర్‌లోకి మారాను. తోటికోడలి మీద ప్రేమతో అని మాత్రం ఎవరితోనూ అనలేదు. అక్కడ ఫ్యానుందని చెప్పాను.

ఇక కప్పు సంగతి. మా పార్కులో ప్రతి వేసవికీ ఒక పెద్ద ప్లాస్టిక్ కప్పు అమ్ముతారు. గట్టిది, చెవి ఉన్నది, పక్కన జెయింట్ వీల్ బొమ్మ అచ్చేసినది. అది ఒకసారి కొంటే ఆ వేసవంతా ఎన్నిసార్లొచ్చినా, ఎన్నిసార్లడిగినా ఊరికే నింపుతాం. జనం అబ్బో అనుకుంటారు. ఎంత ఆశపడ్డా పొట్ట పొట్టే కదండీ, ఎంతని పడుతుంది? పార్కువాళ్లకి లాభమంతా కప్పులోనే ఉంటుంది. మరుసటి వేసవికి ఆ కప్పు చెల్లదు, రంగు మారిపోతుంది. పెద్ద కౌంటర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆ ఏటి రంగు చెప్పాలని అక్కడొక ఆనవాయితీ. రాజముద్ర వేసే అధికారం ఇచ్చినంత గౌరవం అది.

గంటకి నిద్ర పట్టలేదు. ఎరుపు అయిపోయింది, ఆకుపచ్చ అయిపోయింది, నారింజ రంగూ వచ్చింది, పోయినేడు పసుపు. వంటింట్లో బియ్యం ఏరుతూ, కూరలు తరుగుతూ అదే గొణుగుడు. చివరికి గరిటె పట్టుకుని గెంతింది.

"నీలం! నీలం ఇంతవరకూ రాలేదక్కా! ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు చూడు!"

"నిజమే," అన్నాను నేను. నా మొహం. నాకేం తెలుసు, నేను పార్కులో చేరి ఎంతకాలమైందని! మేనేజరూ సరేనన్నాడు. ఊళ్లో గోడలన్నిటి మీదా పోస్టర్లు పడ్డాయి. ఆకాశమంత నీలం కప్పు, కింద పెద్ద అక్షరాలతో, "చేతిలో నీలం కప్పుంటే వేసవంతా నింపుతాం!"

మొదటి రోజు పొద్దున్నే ఇద్దరం కౌంటర్ తుడిచి, జాడీలు నింపి, ఐసు పోయించుకుని సిద్ధంగా నిలబడ్డాం. గేటు తీశారు. జనం ఒక్కసారిగా వచ్చి పడ్డారు. గంట పోస్తోంది, నేను ఐసు వేస్తున్నాను. నిమ్మ, నారింజ, ద్రాక్ష, మళ్లీ నిమ్మ. నీలం కప్పులే నీలం కప్పులు. దాని మొహం వెలిగిపోతోంది. "చూశావా అక్కా, నా రంగు ఎలా పోతోందో!" అని మధ్యమధ్యలో నన్ను మోచేత్తో పొడుస్తోంది.

నాకే ఏదో తేడాగా అనిపించింది. ఒక కప్పు మీద జెయింట్ వీల్ బొమ్మ సగం చెరిగిపోయి ఉంది. పొద్దున కొన్న కప్పు అప్పుడే చెరిగిపోవడమేమిటి? ఇంకో కప్పు అడుగున టూత్‌పేస్టు గట్టిపడి ఉంది. ఇంకో దాంట్లోంచి ఒక గుండీ ఐసుతో పాటు ఖంగున మోగింది. ఇదేమిటని గంటని పిలవబోతుంటే, క్యూలో ఒక మనిషి మీద నా చూపు పడింది.

మా అత్తగారు. చేతిలో నీలం కప్పు.

"ఏమ్మా కోడళ్లూ," అన్నారు ఆవిడ దగ్గరికొచ్చి, కప్పు బల్ల మీద ఠప్పున పెట్టి, "ఇదేనా మీరు అమ్మేది? గోడ మీద బొమ్మ చూసి తెచ్చాను. ఊరికే పోస్తారట కదా, పొయ్యండి."

గంట ఆ కప్పు తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. అది మా ఇంట్లో రోజూ బియ్యం కొలిచే కప్పు. తోమీ తోమీ బొమ్మంతా పోయింది, చెవి ఎప్పుడో విరిగిపోయింది. అడుగు భాగం తిప్పి చూసేసరికి అక్కడ ఉబ్బెత్తుగా పార్కు చక్రం గుర్తు.

"అక్కా," అంది, మొహం పాలిపోయి. "ఇది మన బియ్యం కప్పు."

"అవును."

"మన బియ్యం కప్పు మన పార్కు కప్పేనా?"

"ఇదెక్కడినుంచి వచ్చిందత్తయ్యా?" అన్నాను నేను.

"మా చిన్నోడే, దీని మొగుడే తెచ్చాడు కదే. ఇది కాన్పయి మంచంలో ఉన్న వేసవిలో. ఇంట్లో పసిపిల్ల ఏడుపు పడలేక రోజూ పార్కుకి పోయి తిరిగొచ్చేవాడు, వెధవ!"

అప్పుడు తెలిసొచ్చింది. గంట పనికి రాని ఒకే ఒక్క వేసవి అది. నీలం వచ్చింది ఆ వేసవిలోనే. రంగు ఖాయం చేసిన రోజు కూడా మేం ఆ కప్పుతోనే బియ్యం పోసి అన్నం వండుకున్నాం. రోజంతా కప్పులు చూసే కళ్లకి ఇంట్లో ఉన్నది కప్పులా కనబడదు, ఏం చేస్తాం!

ఇంతలో మా ఐసు బాబాయి తోపుడు బండితో ఐసు దింపుతూ ఆగాడు. ఆయన పార్కు పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నాడు.

"బాబాయ్, నీలం ఇంతకుముందు వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది కదా," అన్నాడు తాపీగా. "నీలం మళ్లీ పెట్టారేమిటా అనుకున్నాను. ఏదో కావాలనే చేశారనుకున్నా."

"మరి చెప్పొచ్చు కదా!"

"నన్నెవరడిగారమ్మాయ్?"

ఆ ఐసుగడ్డ తీసి ఆయన నెత్తిన పెడదామనిపించింది. కానీ అప్పటికే క్యూలో గొడవ రాజుకుంది. పూలచొక్కా వేసుకున్న ఒకాయన ముందుకి తోసుకొచ్చాడు. "ఏంటండీ ఇది? నేను ఇప్పుడే గేటు దగ్గర పూర్తి ధర పెట్టి కప్పు కొన్నాను. వీళ్లు ఇంట్లో పాత కప్పు కడుక్కుని వస్తే వీళ్లకీ పోస్తారా?" వెనకున్న ఆవిడ, "పోస్టర్లో నీలం కప్పు అనే రాశారు, కొత్తదని ఎక్కడ రాశారు?" అంది. ఇంకెవరో మోసం అన్నారు. ఇంకెవరో డబ్బు వెనక్కిమ్మన్నారు. గేటు దగ్గర కప్పులు అమ్మే అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, ఒక్కరూ కొనట్లేదు, అందరూ ఇంటికి ఫోన్లు చేసి పాత కప్పులు తెమ్మంటున్నారు. మేనేజరు గారికి చెప్పాను, వస్తున్నారు," అంది.

పాత కప్పులకి పొయ్యం అని మేమంటే పోస్టర్ చేతిలో పట్టుకుని కొడతారు. అందరికీ పోస్తే మధ్యాహ్నానికి జాడీలు ఖాళీ, కొన్నవాళ్లు మమ్మల్ని నమిలేస్తారు. రెండు కప్పులూ ఒకే అచ్చు, ఒకే నీలం. కడిగిన పాతదానికీ కొత్తదానికీ తేడా కనిపెట్టడానికి ఒక్కో కప్పూ దీపం ముందు పెట్టి చూడాలి. రభస అయితే మెషీన్లే అన్నాడు ఆయన. రభస కాక ఇదింకేమిటి?

గంట కదలకుండా నిలబడింది. చేతిలో బియ్యం కప్పు అలాగే ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నేనే పూలచొక్కా ఆయన సంగతి చూద్దామని చీర కొంగు బిగించాను కూడా.

"బాబాయ్," అంది చివరికి. "నీ ఐసు గదిలో సగం నిండా ఏవో పెట్టెలున్నాయని ఎప్పుడూ తిట్టుకుంటావు చూడు. అవేంటి?"

"పోయినేటి మూతలమ్మా. పసుపువి. ఆర్డరు రెండుసార్లు పెట్టారు. వాటి మూలంగా నాకు కాలు పెట్టే చోటు లేదు."

"ఈ కప్పుకి పడతాయా?"

"అన్నీ ఒకే అచ్చు కదమ్మాయ్."

"పరిగెత్తు బాబాయ్! ఎన్నుంటే అన్నీ పట్రా!"

ఆ మనిషి పరిగెత్తడం నేను అదే మొదటిసారి చూశాను. గంట ఐసు పెట్టె మీద కాలు పెట్టింది. నడుం సంగతి గుర్తొచ్చి నేను పట్టుకునేలోపే పైకెక్కేసింది. ఎక్కి, క్యూల్లో అరిచిన ఇన్నేళ్ల అరుపంతా ఒక్కసారిగా వదిలింది.

"నీలం కప్పులవాళ్లందరూ ఇటు చూడండీ! పాత కప్పు తెచ్చినవాళ్లు మా పాత చుట్టాలు! కొత్త కప్పు కొన్నవాళ్లు మా కొత్త చుట్టాలు! చుట్టాల్లో చుట్టాలకి గొడవేంటండీ!"

ఆవరణంతా ఆగిపోయింది. జెయింట్ వీల్ పైన కూర్చున్నవాళ్లు కూడా కిందకి వంగి చూశారు.

"ఈ యేటి కప్పుకి పసుపు మూత! మూతున్న కప్పుకే పోస్తాం, మూత లేనిదే చుక్క పడదు! కొత్త కప్పు కొన్నవాళ్లకి మూత ఊరికే, వాళ్లకి వేరే లైను, వాళ్లకి ముందు! పాత కప్పు తెచ్చినవాళ్లు ఆ మూత కొనుక్కోండి, వేసవంతా మీదే!"

"అదెలా కుదురుతుంది?" అన్నాడు పూలచొక్కా ఆయన. "వాళ్లు మూత కొంటే చాలా? నేను కప్పంతా కొన్నాను!"

"మీది కొత్త కప్పండీ అయ్యగారూ. వాళ్ల కప్పుల్లో ఇన్నేళ్లు ఏమేం ఉందో వాళ్లకే తెలీదు. కావాలంటే వాసన చూసి మార్చుకోండి, నేనేమీ అనను!"

పక్కాయన నవ్వుతూ తన కప్పు ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. పూలచొక్కా ఆయన వాసన చూసి, "బట్టల సబ్బు!" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆయనా నవ్వేశాడు. నవ్వాక ఇక ఏం దెబ్బలాడతాడు? మొదటి పసుపు మూత ఆయన కప్పుకే బిగించింది గంట. నీలం మీద పసుపు భలేగా కుదిరింది. కావాలని ఆలోచించి చేయించినా అంత బాగా వచ్చేది కాదు.

అక్కడినుంచి చూడాలి ఆ సందడి! పాత కప్పులు కడిగే పని నా నెత్తిన పడింది. ఏమి వాసనలు, ఏమి వాసనలు! ఒకదాంట్లో మేకులు, ఒకదాంట్లో రంగు కుంచెలు, ఒకదాంట్లో ఎవరో పళ్లసెట్టు నానబెట్టుకున్న వాసన. దాన్ని మటుకు మూడుసార్లు కడిగాను. తిట్టుకుంటూనే కడిగాను కానీ, ఎవరి కప్పు వాళ్లకి ఇచ్చేటప్పుడు ఒక్కరూ ఏదో ఒకటి చెప్పకుండా వెళ్లలేదు. మా అమ్మాయి అప్పుడు నా భుజం మీదుండేది, ఇప్పుడు నన్నే తోస్తోంది అని ఒకాయన. కొట్టుకుంటూ నిలబడ్డ క్యూలో జనం ఒకరి కప్పు ఒకరికి చూపించుకుంటున్నారు.

ఒకావిడ కప్పు మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. కొత్త కప్పుల లైనులోకి వెళ్లమన్నాను. "పాతదేనమ్మా," అంది ఆవిడ. "మా ఆయన ఉన్నప్పుడు వచ్చాం. తర్వాత అలమారాలో బోర్లించి పెట్టేశాను. మళ్లీ ఇక్కడికి రావాలని ఎన్నాళ్లనుంచో ఉంది, ఒక్కదాన్ని ఎలా వస్తాను, ఏమని వస్తాను? ఇదొక సాకు దొరికింది." గంట ఆ కప్పు తీసుకుని, ఏ రంగు కావాలని అడిగి, అంచుదాకా పోసి, మూత తనే బిగించి రెండు చేతులతో ఇచ్చింది. మూత డబ్బు నేను నా కొంగులోంచి తీసి పెట్టెలో వేశాను. ఎవరూ చూడలేదు.

మా అత్తగారు ఆ రోజు మూత కొనలేదు. "కోడళ్లకి నేను డబ్బిచ్చేదేంటి?" అని దబాయించి పక్కన బెంచీ మీద కూర్చుని, రంగు నీళ్లు ముచ్చటగా నాలుగు కప్పులు లాగించారు. పైగా వచ్చేపోయేవాళ్లకి, "ఆ అరుస్తున్నది మా చిన్నకోడలు," అని చెప్పడం నా చెవులారా విన్నాను.

మధ్యాహ్నం దాటాక చూస్తే మేనేజరు. పప్పుల బండి వెనక నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. చేతులు కట్టుకుని క్యూనే చూస్తున్నాడు. ఆయన కౌంటర్ దగ్గరికి నడిచి వచ్చాడు. క్యూ దానంతటదే నోరు మూసుకుంది.

"నీలం ఇంతకుముందే వచ్చిందట కదా," అన్నాడు. "ఈ రంగు ఎవరు చెప్పారు?"

ఆయనకి తెలుసు. తెలిసే అడుగుతున్నాడని నాకు ఒళ్లు మండింది. ఐసు బాబాయి గబుక్కున, "రంగులు చెప్పే పాతాయనే ఏదో చెప్పి వెళ్లాడు సార్," అన్నాడు. "నేనే సార్," అన్నాను నేను. "నేనే దానికి ఎక్కించాను. ఏమైనా అంటే నన్నే అనండి." ఆ మాటా ఈ మాటా ఒకదానికొకటి కుదరలేదని అన్నాక గానీ తట్టలేదు.

గంట చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. ఒప్పుకుంటే కౌంటర్ పోతుంది. అది తెలిసే వచ్చింది.

"వీళ్ల మాటలు పట్టించుకోకండి సార్. నీలం నేనే చెప్పాను. ఇంతకుముందు వచ్చిందో లేదో కనుక్కోకుండా చెప్పాను. తప్పు నాదే. మిమ్మల్ని అడగకుండా మూతలు తీయించిందీ నేనే. అదీ నాదే. రెండూ రాసుకోండి."

మేనేజరు బల్ల మీదున్న పసుపు మూత ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఆయన మెడ దగ్గర ఎర్రబడటం చూసి, అయిపోయింది అనుకున్నాను.

"ఈ మూతలు," అన్నాడు మెల్లగా, "పోయినేడు రెండుసార్లు ఆర్డరు పెట్టింది నేనే. కొత్తగా వచ్చాను, ఒకసారి పెట్టానన్న సంగతి మర్చిపోయాను. ఏడాదిగా పైవాళ్లు ఎక్కడ చూస్తారోనని ఐసు గది వైపు ఎవరినీ రానివ్వలేదు." ఐసు బాబాయి నోరు వెళ్లబెట్టాడు. "నా తప్పు మీ తప్పుకి మూతలా సరిపోయిందమ్మా!"

అని నవ్వాడు. ఆ మనిషికి పళ్లున్నాయని అప్పుడే తెలిసింది మాకు. క్యూలో ముందున్నవాళ్లు నవ్వారు, ఎందుకు నవ్వుతున్నారో తెలియని వెనకవాళ్లూ నవ్వారు. పూలచొక్కా ఆయన, ఎన్నోసారి వచ్చాడో ఏమో, కప్పు పైకెత్తి, "అమ్మా, మాకు మీరే పొయ్యాలి!" అని కేకేశాడు. దాంతో కప్పులన్నీ పైకి లేచాయి. నీలం మీద పసుపు, ఆవరణ ఆ చివరిదాకా.

మేనేజరు జేబులోంచి ఫోన్ తీసి అక్కడే నిలబడి మాట్లాడాడు. "అయ్యా, ఆ మెషీన్లు పంపకండి. వారం ఆగక్కర్లేదు. అక్కర్లేదండీ, ఈ వేసవికే కాదు, ఇక అక్కర్లేదు. మా కౌంటర్‌కి మనిషి ఉంది."

నేను ఐసు పెట్టె మీద కూలబడి భోరుమని ఏడ్చేశాను. నాకు సిగ్గేం లేదు. ఆ డాక్టరు మాట విన్న రోజునుంచీ కడుపులో దాచుకున్నదంతా అలా బయటికొచ్చింది. గంట నా వైపు చూసింది. దాని కళ్లూ నిండుగానే ఉన్నాయి. ఒక్క క్షణం నా భుజం పట్టుకుని గట్టిగా నొక్కింది. తర్వాత నన్ను పక్కకి తోసి, ఐసు తవ్వుకునే గరిటె అందుకుంది.

"లే అక్కా, ఇంటికెళ్లాక ఏడుద్దాం. జనం ఆగారు."